ఏటి నీళ్లూ ఊరి బావీ: బాప్తిస్మపు కథల్లో కరుణ ఎవరిది?

లేపాక్షికి ఆ పేరెట్లా వచ్చిందో ఊళ్లో చిన్న పిల్లలు కూడా చెప్తారు. రావణుడి చేతిలో రెక్క తెగి ఇక్కడ పడిపోయిన జటాయువును రాముడు లే పక్షీ అని పలకరించాడట. తండ్రికి చేసినట్టు ఆ పక్షికి కర్మ చేశాడని రామాయణం చెబుతుంది. కరుణకు ఇంతకన్నా గుర్తేముంటుందని వచ్చిన యాత్రికులు మురిసిపోతారు. అదే రాముడు ఉత్తరకాండలో తపస్సు చేసుకుంటున్న శంబూకుడి తల నరికాడు. పక్షికి దొరికింది శూద్రుడికి దొరకలేదు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' నాటకం రాసి ఈ తేడాను తెలుగువాళ్ల ముందు పెట్టారు. ఇక శూద్రుడికన్నా కింద, ఊరి బయట ఉన్నవాళ్ల సంగతి చెప్పేదేముంది?

16వ శతాబ్దంలో విరూపణ్ణ కట్టించిన ఇక్కడి వీరభద్రాలయాన్ని, దాని బొమ్మల్ని, రాతి బసవన్నను దేశమంతా పొగుడుతుంది. ఇట్లాంటి గుళ్లలోకి మాల మాదిగలకు చట్టం దారి తెరిచింది మద్రాసు రాష్ట్రంలో 1939, 1947 చట్టాలతోనే. అనంతపురం అప్పుడు మద్రాసు కిందనే ఉండేది. గుడి ఒక్కటే కాదు, బావి కూడా మూసే ఉండేది. వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే ఈ మెట్ట సీమలో నీళ్లంటే బావి. కపిల తోలే రోజుల్లో ఆ బావిలో దిగే తోలు బానను కుట్టింది మాదిగవాడు. ఆ బాన తోడిన నీళ్లను మాత్రం అతడు ఎవరో దయతలచి దోసిట్లో పోస్తే తాగాల్సిందే.

అట్లా దోసిట్లో నీళ్లకు నిలబడ్డ మనుషులు ఒకనాడు ఏట్లో నిలువునా మునిగి లేచారు. దాన్ని బాప్తిస్మం అన్నారు. దాని చుట్టూ మిషనరీలు, సంస్కర్తలు, నవలాకారులు ఎన్నో కథలు రాశారు. ఈ కథల్లో తరచూ వినిపించే మాట షరతుల్లేని కరుణ. వెలివేసిన మనిషిని ఏమీ అడక్కుండా దగ్గరకు తీసుకోవడం. ఈ వ్యాసంలో మేము అడిగేది ఒక్కటే: షరతులు నిజంగా ఎవరు పెట్టారు, వాటికి వెల ఎవరు చెల్లించారు? కథల్లో ఒక జవాబు ఉంది. చరిత్రలో ఇంకో జవాబు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉమ్మి లేని బాప్తిస్మం

తెలుగునాట క్రైస్తవం అనగానే మనకు గుంటూరు, ఒంగోలు, దోర్నకల్ గుర్తొస్తాయి. కానీ లోతట్టు తెలుగు పల్లెల్లో తొలి బాప్తిస్మాలు కొన్ని ఈ కరువు సీమలోనే జరిగాయి. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్యూట్లు బయల్దేరారు. దాన్ని కర్ణాటక మిషన్ అన్నారు. పుంగనూరు, కృష్ణాపురం, ధర్మవరం, మదిగుబ్బ వాళ్ల మజిలీలు. కాషాయం కట్టి, మాంసం మాని, రోము నుంచి వచ్చిన బ్రాహ్మణ సన్యాసుల్లాగా బతికారు. 1715 ప్రాంతంలో మదిగుబ్బలో ఆలమూరు రెడ్డి కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. వాళ్ల వారసులు తర్వాత గుంటూరు వైపు వలసపోయి అక్కడ కతోలిక పల్లెలు కట్టుకున్నారు.

ఈ సన్యాసి వేషానికి ఒక వెల ఉంది. కతోలిక బాప్తిస్మ విధిలో గురువు శిష్యుని మీద ఊదుతాడు, నాలుక మీద ఉప్పు వేస్తాడు, తన ఉమ్మితో చెవినీ ముక్కునూ తాకుతాడు. యేసు ఒక చెవిటివాణ్ణి ఉమ్మితో తాకి బాగుచేసిన సువార్త ఘట్టానికి అది గుర్తు. మన దేశంలో ఉమ్మి అంటే ఎంగిలి, ఎంగిలి అంటే మైల. కులం గలవాళ్లు ఎక్కడ వెనక్కి పోతారోనని మధుర, మైసూరు, కర్ణాటక మిషన్లలో గురువులు ఆ భాగాన్ని వదిలేశారు. అంతటితో ఆగలేదు. చావు మంచం మీదున్న పరయ మాల మాదిగ క్రైస్తవుడి గుడిసెలోకి గురువు పోయేవాడు కాదు. రోగినే బయటికి మోసుకొచ్చి ఒకచోట పడుకోబెడితే అప్పుడు అంత్య సంస్కారం ఇచ్చేవాడు.

పోపు ప్రతినిధి టూర్నాన్ 1704 జూన్ 23న పుదుచ్చేరిలో జారీ చేసిన ఆజ్ఞలో ఈ రెండింటినీ తప్పుపట్టాడు. ఉమ్మి, ఉప్పు, ఊపిరి వదలకూడదు. పరయల ఇళ్లలోకి పోయి రోగులను చూడాలి. నలభై ఏళ్ల తగాదా తర్వాత 1744లో పోపు 14వ బెనెడిక్టు తుది తీర్పు ఇచ్చినప్పుడు ఉమ్మి విషయంలో కొంత గడువు దొరికింది గానీ, పరయల ఇళ్లకు పోయే విషయంలో సడలింపు ఇవ్వలేదు. అప్పుడు జెస్యూట్లు ఒక ఉపాయం చెప్పారు: కులం గలవాళ్లకు వేరే గురువులు, వెలివాడలకు వేరే గురువులు. రోము ఒప్పుకుంది. ఒకే దేవుడు, ఒకే బాప్తిస్మం, గురువులు మాత్రం రెండు జాతులు.

దీన్నుంచి మనం తీసుకోవాల్సిన సంగతి ఉంది. కరుణకు ఇక్కడ తొలి షరతు బైబిల్లోంచి రాలేదు. ఊరు పెట్టింది. మతం ఆ షరతును మోసింది. ఒక తెల్ల గురువు ఉమ్మి కూడా మైలై, ఆ మైల భయానికి సంస్కారమే సగమైపోయినప్పుడు, కులం దేవుడి పనిలో కూడా ఎంత దూరం చొరబడుతుందో ఊహించుకోవచ్చు.

ఎవరు ఎవరిని వెతుక్కుంటూ పోయారు

ఇప్పుడు ఈ సీమ దాటి ఒంగోలు వైపు పోదాం. అక్కడ నూట యాభై ఏళ్ల తర్వాత జరిగింది దీనికి పూర్తిగా భిన్నం.

ఒంగోలు కథను మామూలుగా జాన్ క్లౌ కథగా చెప్తారు. అమెరికన్ బాప్తిస్టు, సర్వేయరు పని తెలిసినవాడు, 1866లో ఒంగోలు చేరాడు. కానీ ఆ కథకు అంతకన్నా ముందు మొదలుపెట్టినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగవాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. క్రైస్తవం వినకముందే రాజయోగం నేర్చి, గురువుల దగ్గర కూర్చుని, దేవుడెవరని తరచి తరచి అడిగినవాడు. ఇదేమీ వింత కాదు. బనగానపల్లె వైపు పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని జనం చెప్పుకుంటారు. లేపాక్షి సీమకు దగ్గర్లోని కదిరి పక్క కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. కులం మీద ఎదురుప్రశ్న ఈ నేలకు కొత్త కాదు, మాదిగవాడకు అసలే కొత్త కాదు. పేరయ్య ఆ ప్రశ్న మోసుకుంటూ క్రైస్తవం దాకా నడిచాడు. 1866 మార్చిలో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలులో 1867 జనవరి 1న సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మంది. అదే నెలలో పేరయ్య పిలిస్తే చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూడి అయిదు రోజులు విన్నారు, ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పుడు ఒంగోలు పెద్దకులాల వాళ్లు క్లౌ దగ్గరికి వచ్చారు. వాళ్ల పిల్లలు ఆయన బడిలో చదువుతున్నారు. కొందరు మతంలోకి కూడా వచ్చేట్టున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని తేల్చి చెప్పారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఒకే చోటు కళ్లబడిందని, లోకంలో నీచమైన వాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పిన చోటు అదేనని క్లౌ తర్వాత రాసుకున్నాడు. అద్భుతమా కాదా అన్నది మాకు ముఖ్యం కాదు. ముఖ్యమైనది ఫలితం. మాదిగల్ని చేర్చుకున్నారు, కులం పిల్లలు బడి విడిచిపోయారు. మదిగుబ్బలో సన్యాసులు చెల్లించడానికి జంకిన వెల ఇక్కడ చెల్లించారు. షరతుల్లేని కరుణ అనే మాటకు ఏమన్నా అర్థం ఉంటే ఇక్కడే ఉంది: పెద్దల మర్యాద పోగొట్టుకోవడం.

అయితే మాదిగలకు షరతులు లేవా? ఉన్నాయి, మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైపైన చూస్తే ఇవి మతం నియమాలు. ఊరి లెక్కల్లోంచి చూడండి. మాదిగవాడు రైతుకు చెప్పులు, బాన, తోలు తాళ్లు ఇవ్వాలి. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. జాతరలో పలక కొట్టాలి. కరణం, మునసబు పిలిస్తే ఏ రోజైనా పోవాలి. దీనికి బదులు కళ్లంలో గింజలు, చచ్చిన గొడ్డు. ఇప్పుడు ఒక మనిషి నేను ఆదివారం రానంటే, ఈ మాంసం తిననంటే, మీ దేవర ముందు పలక కొట్టనంటే ఏమైనట్టు? అది వెట్టి మీద సమ్మె. ఊరి పెద్దలు దాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు. అందుకే బావులు మూశారు, అంగట్లో సరుకు ఇవ్వలేదు, పని మాన్పించారు. బాప్తిస్మం తీసుకున్నందుకు మాదిగ కుటుంబం చెల్లించిన వెల ఇది. ఈ వెల గురించి కరుణ కథలు ఎక్కువ మాట్లాడవు.

గంజికీ ఆత్మకీ మధ్య

1876-78 కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టింది. అప్పుడు లేపాక్షి సీమ బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా పుట్టింది 1882లో. బళ్లారి, కర్నూలు, కడప అందరికన్నా ముందు, అందరికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. సర్కారు కరుణకు ఎట్లాంటి షరతులుండేవో అప్పుడు చూశారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద స్వల్పంగా డబ్బు చాలన్నాడు. అరకిలో కూడా నిండని తిండి. ఇంటికి దూరంగా ఉన్న పనికాడికి నడిచిపోవాలి, బరువు పని చేయాలి, అప్పుడే కూలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది చంపే కూలి అని గట్టిగా ఎదిరించాడు. కొన్నాళ్లకు కూలి పెంచాల్సి వచ్చింది.

అదే కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మాదిగ మేస్త్రీ తిట్టడు, కొట్టడు, కూలి మిగుల్చుకోడు అన్న మాట పల్లెలకు పాకింది. పగలు తవ్వకం, మధ్యాహ్నం చెట్ల నీడన కబుర్లు, ప్రార్థన. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తీరా సహాయం పనులు ముగించి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు పోండి అన్నాక జనం కదిలారు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మునిగారు. నెలాఖరుకు లెక్క 8,691. డిసెంబరు ఆఖరుకు 9,606.

జులై 3 గురించి ఒక వివరం మన చరిత్ర పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ఆ 2,222 మందిలో ఒక్కరికీ క్లౌ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు స్వదేశీ బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి ఇచ్చారు. తెల్లదొర చెయ్యెత్తి వెలివాడను పైకి తీస్తున్న బొమ్మ మన కళ్లలో అచ్చుపడిపోయింది. అసలు జరిగింది ఈ దేశపు చేతులు ఈ దేశపు తలల్ని నీళ్లలో ముంచి లేపడం.

బియ్యం క్రైస్తవులు అనే తిట్టుకు ఇదొక జవాబు. పూర్తి జవాబని మేము అనం. ఆకలి, కృతజ్ఞత, మేస్త్రీ మీద నమ్మకం, కరణం దగ్గర అండ దొరుకుతుందన్న ఆశ, దేవుడి మీద ప్రేమ, ఇవన్నీ ఒకే మనిషిలో కలిసే ఉంటాయి. కడుపు నిండినోడు గుడికి పోతే భక్తి, కడుపు కాలినోడు చర్చికి పోతే బేరం అనే తూకం మాత్రం కులం తూకం. 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ మిషనరీ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ, మతాల మంచిచెడ్డలు తేల్చుకోవడంలో హరిజనుల్లో కొందరికి ఆవుకున్నంత తెలివి కూడా లేదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. 1912లో దోర్నకల్‌కు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా వచ్చి మాల మాదిగల మధ్య పనిచేసిన వేదనాయకం అజరయ్య ఆ ధోరణితో ఒప్పుకోలేదు. వాదం ఇద్దరు పెద్దల మధ్య జరిగింది. పేరయ్య బతికుంటే ఆయన్ను ఎవరైనా అడిగేవారా అన్నది మా అనుమానం.

దొరసాని కథ, దాసుడి క్షమ

ఇప్పుడు కథల్లోకి పోదాం. మన దేశ భాషల్లో క్రైస్తవ కల్పనకు తొలి పుస్తకాల్లో ఒకటి 1852లో హానా కేథరిన్ ముల్లెన్స్ బెంగాలీలో రాసిన 'ఫూల్‌మణి ఓ కరుణార్ బిబరణ్'. ఇద్దరు దేశీయ క్రైస్తవ స్త్రీల కథ. చెప్పేది ఇళ్లకు వచ్చిపోయే ఒక దొరసాని. ఫూల్‌మణి ఇల్లు అద్దంలా ఉంటుంది, రెండో ఆమె ఇల్లు చెదిరి ఉంటుంది. ఈ రెండో ఆమెను బాగుచేయడమే కథ. ఆమె పేరు కరుణ. పేరు యాదృచ్ఛికమే కావచ్చు, కానీ మాకు ఆగి చూడాలనిపించింది. ఈ తరహా కథల్లో కరుణ పొందాల్సిన మనిషి ఎప్పుడూ దిద్దబడాల్సిన మనిషే. చూపు దొరసానిది. వెలివాడ కళ్లతో దొరసాని ఇల్లు ఎట్లుంటుందో అందులో ఎవరూ రాయలేదు.

కేరళలో మిసెస్ కాలిన్స్ ఇంగ్లీషులో మొదలుపెట్టి, 1877లో మలయాళంలో 'ఘాతకవధం'గా వచ్చిన నవల ఇంకో అడుగు వేస్తుంది. అందులో దొర హిందువు కాదు, సిరియన్ క్రైస్తవ భూస్వామి. బాప్తిస్మం పొందిన బానిస పౌలోసు ఆదివారం పని చేయననడంతో దొర కోపం ఒక పసివాడి ప్రాణం తీస్తుంది. పౌలోసు క్షమిస్తాడు. చివరికి ఆ క్షమే దొరను మారుస్తుంది. హంతకుడు ప్రేమ చేతిలో ఓడిపోయాడన్నది పేరులోని అర్థం. క్రైస్తవుల్లోనూ కులం ఉందని, పని మానడం మీదనే హింస మొదలవుతుందని ఈ నవల ధైర్యంగా చూపించింది. దానికి మెచ్చుకోవాలి. కానీ లెక్క సరిచూడండి. షరతుల్లేని కరుణ చూపించాల్సిన బాధ్యత ఇక్కడ ఎవరి మీద పడింది? బిడ్డను పోగొట్టుకున్న బానిస మీద. దొర పశ్చాత్తాపపడితే కథ ముగుస్తుంది. బానిసకు భూమి రాదు.

దీనికి ఎదురుగా 1892లో కన్ననూరు వకీలు పోతేరి కుంఞంబు 'సరస్వతీవిజయం' రాశాడు. ఆయన తీయ కులస్తుడు. పాట పాడినందుకు నంబూద్రి మనుషుల చేతిలో చచ్చాడనుకున్న పులయ యువకుడు బతికి, మిషన్ బడిలో చదివి, క్రైస్తవుడై, జడ్జీగా తిరిగొస్తాడు. విచారణకు నిలబడ్డది ఆ నంబూద్రే. ఈ కథలో బాప్తిస్మం కన్నీళ్ల వైపు పోదు, చదువు వైపు, కోర్టు వైపు పోతుంది. దయ చూపించే కుర్చీలో తీర్పు చెప్పే అధికారంతో సహా పులయవాడు కూర్చున్నాక, అప్పుడు క్షమించినా అది అతని ఇష్టం. క్షమ అనేది అధికారం ఉన్న చేతినుంచి వస్తేనే దానికి బరువు. లేకపోతే అది ఓర్పు, ఓర్పు మనకు తరాలుగా ఉంది.

1935లో ముల్క్ రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్'లో ముక్తిఫౌజు కర్నల్ హచిన్సన్ పాకీ కుర్రాడు బాఖాను ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి తీసుకుపోతాడు. బాఖాకు ఆ చెయ్యి ఇష్టమే. ఆయన పాడే పాటలు మాత్రం అర్థం కావు. క్రీస్తు ఎవరని అతను అడుగుతూ పోతే జవాబు పాటలోనే వస్తుంది. ఇంటి దగ్గరకు పోగానే దొరసాని చీదరింపు వినబడుతుంది, కుర్రాడు పారిపోతాడు. కరుణ భాష అవతలివాడికి చేరకపోతే అది తన సంతోషం కోసం చేసుకునే పనే అవుతుందని ఈ చిన్న ఘట్టం చెబుతుంది. పేరయ్య ఎందుకు నిలిచాడో, హచిన్సన్ ఎందుకు విఫలమయ్యాడో దీంతో తెలుస్తుంది. పేరయ్య చెప్పులు కుట్టేవాళ్ల మధ్య కూర్చుని వాళ్ల మాటలో చెప్పాడు. ఆ మాటల్నే 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పుస్తకం చేసింది. పేరులోనే చెప్పులు కుట్టే పని ఉంది. దొరసాని రాసినదైనా అందులో మాదిగ పెద్దల గొంతు అక్కడక్కడా కథను లాక్కుంటుంది.

వాడ తన కథ తాను చెప్పుకుంటే

తెలుగులో ఈ మలుపు గుర్రం జాషువాతో వచ్చింది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా తల్లి మాదిగ, తండ్రి యాదవ, ఇల్లు క్రైస్తవం. బాప్తిస్మం ఆయన మీది మైలను ఊరి కళ్లలో కడగలేదు. 1941 'గబ్బిలం'లో ఆయన అరుంధతీసుతుడు తన బాధను క్రీస్తుకు కాదు, కాశీలోని శివుడికి పంపిస్తాడు. మనిషికి దారి లేని గుళ్లోకి గబ్బిలానికి దారి ఉంది కాబట్టి దాని చేత పంపిస్తాడు. జటాయువుకు కర్మ చేసిన దేశంలో మాదిగవాడు దేవుడితో మాట్లాడటానికి ఒక గబ్బిలాన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. క్రైస్తవ కవి ఎందుకట్లా రాశాడని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. నేరం ఎవరిదో వాళ్ల దేవుడికే ఫిర్యాదు చేయాలి కదా! అదే జాషువా తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన చదివితే, క్రీస్తు మీద ప్రేమ ఉండటానికీ, చర్చి కట్టుకున్నంత మాత్రాన కులం పోయిందని నమ్మడానికీ ఉన్న తేడా తెలుస్తుంది.

2000లో వచ్చిన జి. కల్యాణరావు నవల 'అంటరాని వసంతం' ఈ చరిత్రంతా వాడ జ్ఞాపకంగా చెప్పింది. చెప్పేది రూతు. ఎల్లన్న సుభద్రల వీధినాటకం, పాట, ఊరి క్రూరత్వం, ఆపైన కరువు. బకింగ్‌హాం కాలువ పనికి నడిచిపోయిన శివయ్యకు అక్కడ కూడా అంటు అడ్డమొస్తుంది. కరువుకు కులం లేదంటారు, కరువు పనికి ఉంది. ఆ శివయ్యే బాప్తిస్మం తీసుకుని సీమోను అవుతాడు. మిషన్ చరిత్రలో ఆగిపోయే చోట ఈ నవల ఆగదు. పేరు మారాక ఏమైంది అని అడుగుతుంది. భూమి మాట ఎత్తగానే ఊరు మళ్లీ చంపుతుంది. చర్చి లోపలికి కులం చెప్పులు విడిచి వస్తుంది గానీ బయట విడిచి రాదు. తర్వాతి తరాలు విప్లవోద్యమం వైపు నడుస్తాయి. ఆ ముగింపుతో ఏకీభవించని పాఠకులు మనలోనే ఉన్నారు, ఉండొచ్చు. కానీ బాప్తిస్మాన్ని అది ఎగతాళి చేయదు, ఆకాశానికెత్తదు. వెలివాడ వేసిన ఒక అడుగుగా చూస్తుంది. తెలుగులో ఈ విషయం మీద ఇంత నిజాయితీగా వచ్చిన నవల ఇంకొకటి మాకు తట్టదు.

కాగితం మీది షరతు

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గర, గొడ్లను కడిగిన కుడితి నీళ్లు అందులోకి పోయడం మీద. క్లౌ, పేరయ్యలు తిరిగిన సీమ అది. గుండ్లకమ్మలో 2,222 మంది మునిగిన నూట ఏడేళ్లకు కూడా తాగే నీళ్ల కోసం ప్రశ్నిస్తే ప్రాణం పోయింది. చంపినవాళ్లు ఎవరికి బాప్తిస్మం అయింది, ఎవరికి కాలేదు అని అడిగి చంపలేదు.

అడిగేది సర్కారు. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. మన రాష్ట్రంలో మతం మారిన షెడ్యూల్డు కులాల వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమని చెప్పింది. 2022 అక్టోబరులో ఇదే ప్రశ్న మీద కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన మనిషికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

పల్లెలో దీని అర్థం ఏమిటి? మా సీమలో మాదిగవాడలో చాలామందికి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఒకటి. బిడ్డ ఉద్యోగానికి నిలబడితే ప్రార్థనకు పోయే తల్లి భయపడుతుంది. కులం పేరుతో తిట్టినవాడి మీద కేసు పెడితే ఎదుటి వకీలు మొదట వెతికేది బాప్తిస్మం రిజిస్టరు. తిట్టినవాడు ఆ రిజిస్టరు చూసి తిట్టలేదు. 18వ శతాబ్దంలో ఊరు పెట్టిన షరతును మిషన్ మోస్తే, ఇప్పుడు రాజ్యాంగం పేరుతో సర్కారు మోస్తోంది. దోపిడీకి మతం అడ్డురాదు, రక్షణకు మాత్రం అడ్డొస్తుంది.

చర్చి కూడా తప్పించుకోలేదు. అంబేద్కర్ క్రైస్తవం మీద రాసినప్పుడు, మతం మారినవాళ్లలో కులం పోలేదని, మిషన్లు దాన్ని పోగొట్టడానికి గట్టిగా పూనుకోలేదని నిలదీశాడు. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూరులో వేరే దారి పట్టాడు. పెళ్లిళ్లలో, శ్మశానాల్లో, సంఘ పెద్దల కుర్చీల్లో కులం కొలత ఇంకా నడుస్తున్న చోటల్లా ఆ నిలదీత మన చర్చిలకు వర్తిస్తుంది. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరుపడ్డ చోట్ల మన గుండెల మీదే చెయ్యి వేసుకోవాలి.

ఈ కథల్ని తరగతి గదిలో చెప్పే ఉపాధ్యాయులకు, సంఘాల్లో చదివే కార్యకర్తలకు మా సూచన చిన్నది. కరుణ కథ చదివినప్పుడల్లా నాలుగు ప్రశ్నలు వేయండి. కథ ఎవరి కళ్లతో నడుస్తోంది? కరుణ చూపినవాడు ఏం పోగొట్టుకున్నాడు? క్షమించమని ఎవరిని అడుగుతున్నారు? నీళ్లలోంచి లేచిన మనిషి ఆ సాయంత్రం ఏ బావి దగ్గర తాగాడు? మొదటి మూడింటికీ జవాబు పుస్తకంలోనే దొరుకుతుంది. నాలుగోదానికి ఊళ్లోకి పోవాలి. మీ ఊళ్లో 1939కి ముందు ఎవరు ఏ బావిలో తోడేవారో, తాతలు ఏ ఏట బాప్తిస్మం తీసుకున్నారో, దానికి ఊరు ఏం చేసిందో ముసలోళ్లను అడిగి రాసుకోండి. పేరయ్య మాటల్ని వేరేవాళ్లు రాశారు. నాగమ్మ మాటల్ని ఎవరూ పెద్దగా రాయలేదు. మిగిలిన నాగమ్మల జ్ఞాపకాలు ఇంకా వాడల్లోనే ఉన్నాయి, అవి పోకముందే రాసుకోవాలి.